టేక్ ఓకే అన్నదెవరు, మాస్టర్ దాచుకున్నదెవరు

బ్లూస్ రికార్డుల గురించి రాసేవాళ్లకు ఒక కథంటే మహా మక్కువ. ఇరుకు గది, పాత మైకు, స్పీకరు చిరిగిన యాంప్లిఫైయరు, చేతిలో కానీ లేని గాయకుడు, మొండిధైర్యం తప్ప మరో పెట్టుబడి లేని చిన్న కంపెనీ యజమాని. వీళ్లంతా కలిసి ఒక రాత్రి టేపు తిప్పితే పెద్ద కంపెనీలకు ఎన్నటికీ చేతకాని పాట పుట్టిందని ఆ కథ సారాంశం. అందులో నిజం లేకపోలేదు. కానీ రెండు వేర్వేరు సంగతులు అందులో ఒకే ముడిలో పడిపోయాయి. పాట ఎలా వినిపించింది అన్నది ఒకటి, ఆ పాట ఎవరి సొత్తయింది అన్నది రెండోది. లేమి మొదటిదానికి మేలు చేసిన సందర్భాలు ఉన్నాయి. రెండోదానికి మాత్రం ఎప్పుడూ చేటే చేసింది. స్టూడియోలో చెలామణీ అయ్యే అధికారాలు నిజానికి రెండే: పాడిన నాలుగైదు విడతల్లో ‘ఈ టేక్ ఓకే’ అని తేల్చే అధికారం, ఆ టేక్ ఉన్న అసలు రికార్డును, అంటే మాస్టరును, దాచుకునే అధికారం. బ్లూస్ గాయకుల చేతికి ఈ రెండూ ఒకేసారి రాలేదు. మొదటిది అందడానికి నాలుగైదు దశాబ్దాలు పట్టింది, రెండోది అంతకన్నా ఆలస్యంగా, అదీ కొందరికే దక్కింది. స్వతంత్ర రికార్డింగు చరిత్రను ఈ రెండు అధికారాల చరిత్రగా చదివితేనే, ఇవాళ గిటారు పట్టుకుని సొంత ఆల్బమ్ చేసుకునేవాళ్లకు అది పనికొస్తుంది.

తొలి రోజుల్లో ఈ రెండూ కంపెనీవే. 1920 ఆగస్టు 10న న్యూయార్క్‌లో మామీ స్మిత్ ‘క్రేజీ బ్లూస్’ పాడింది. ఆ రికార్డు అమ్మకాలు చూశాకే, నల్లజాతివాళ్లు తమ పాటలు తాము డబ్బు పెట్టి కొనుక్కుంటారన్న సంగతి కంపెనీలకు తలకెక్కింది. ఆ వేడిలో రంగంలోకి దిగినవాటిలో పారమౌంట్ ఒకటి. దాని వెనకున్నది విస్కాన్సిన్ రాష్ట్రంలో కుర్చీలు తయారుచేసే కంపెనీ. ఫోనోగ్రాఫు పెట్టెలు కూడా చేసేవాళ్లు కనుక, పెట్టెలు అమ్ముడుపోవాలంటే వాటిమీద తిప్పడానికి ప్లేట్లూ కావాలని ఆ వ్యాపారంలోకి వచ్చారు. డెల్టా బ్లూస్‌కు మూలస్తంభాలనదగ్గ చార్లీ ప్యాటన్, సన్ హౌస్ 1930లోనూ, స్కిప్ జేమ్స్ 1931లోనూ గ్రాఫ్టన్ ఊళ్లోని ఈ కంపెనీ స్టూడియోకే వెళ్లి పాడారు. మాంద్యం దెబ్బకు 1932లో అక్కడ రికార్డింగు ఆగిపోయింది. లోహపు మాస్టర్లు దాదాపుగా అంతరించాయి. నేడు మనం వినే ప్యాటన్ గొంతు, ఎవరి ఇంట్లోనో ఏళ్ల తరబడి సూది కింద అరిగిన ప్లేటులోంచి ఏరుకున్నది. మాస్టరు తన దగ్గర లేనివాడి పాట బతకడమూ చావడమూ ఇతరుల చేతిలో ఉంటుందనడానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం అక్కర్లేదు.

ఆ కాలపు స్టూడియో పాటను ఎలా మలిచిందో రాబర్ట్ జాన్సన్ రికార్డుల్లో కనిపిస్తుంది. 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలోని గంటర్ హోటల్ గదిలో మూడు రోజులు, 1937 జూన్‌లో డాలస్‌లో రెండు రోజులు. అతని జీవితం మొత్తంలో రికార్డింగు అంతే. మిగిలింది 29 పాటలు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటులో ఒక వైపుకు పట్టేది మూడు నిమిషాల పాట. సూది గీసింది గీసినట్టే. మధ్యలో వేలు తడబడితే పాట మళ్లీ మొదటినుంచీ, మరో పలక మీద. జూక్ జాయింట్లనే పల్లె సారా కొట్లలో నాట్యం చేసేవాళ్లు అలిసేదాకా సాగే పాటను గాయకుడు ముందే కత్తిరించి, ఏ చరణం ఉండాలో ఏది పోవాలో తేల్చుకుని మైకు ముందు కూర్చోవాలి. జాన్సన్ పాటలు కొన్నింటికి రెండేసి టేకులు దొరికాయి. పక్కపక్కన పెట్టి వింటే చాలావాటిలో కూర్పు ఒక్కటే. అప్పటికప్పుడు పుట్టిన ఆవేశమని మనం అనుకునేది, నిజానికి బాగా సాధన చేసి కుదించిన రచన. మన వైపు గ్రామఫోను కాలంలో సంగీత విద్వాంసులూ, నాటక పద్యాలు పాడినవాళ్లూ అదే మూడు నిమిషాల్లోకి రాగాన్ని ఇమిడ్చిన తీరు తెలిసిన శ్రోతకు ఇది కొత్త కాదు. అంటే ఇబ్బంది పాటకు ఆకారం ఇచ్చింది, ఒప్పుకోవాలి. అయితే ఏ టేకు అచ్చుకు వెళ్లాలో తేల్చింది కంపెనీ. డబ్బు చెల్లించింది అప్పటికప్పుడు చేతిలో పెట్టిన రొక్కంగా. 1938లో 27 ఏళ్లకే చనిపోయిన జాన్సన్ పాటలన్నీ 1990లో బాక్స్ సెట్‌గా వచ్చి పది లక్షలకు పైగా అమ్ముడైతే, ఆ రాబడికి చట్టబద్ధమైన వారసుడు అతని కొడుకేనని మిసిసిపీ సుప్రీంకోర్టు ఖాయం చేసేసరికి 2000 సంవత్సరం వచ్చింది.

చిన్న కంపెనీలకు తలుపు తెరిచింది ఎవరి దయా కాదు, యుద్ధం. గ్రామఫోను ప్లేటుకు ముడిసరుకు షెల్లాక్, అంటే మన లక్క. ఛోటా నాగపూర్ వైపు అడవుల్లో మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద పురుగు పెట్టే ఆ జిగురే హైదరాబాద్ లాడ్ బజార్‌లో గాజులయ్యేది, అమెరికాలో బ్లూస్ ప్లేట్లయ్యేది. యుద్ధంతో సరుకు రవాణా చిక్కుల్లో పడి 1942లో అమెరికా షెల్లాక్ వాడకం మీద కోత పెట్టింది. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి సంగీతకారుల సంఘం రాయల్టీల కోసం రికార్డింగు మానేసింది. పెద్ద కంపెనీలు ఉన్న కొద్దిపాటి షెల్లాక్‌ను ఎక్కువగా అమ్ముడుపోయే పాటలకు మళ్లించి, నల్లజాతి సంగీతాన్నీ పల్లె సంగీతాన్నీ చాలావరకు వదిలేశాయి. యుద్ధం ముగిసేనాటికి లక్షల మంది నల్లజాతివాళ్లు దక్షిణాది పొలాలు వదిలి షికాగో, డెట్రాయిట్ కర్మాగారాల్లో చేరారు. చేతిలో జీతం ఉంది, వీధి చివర జూక్‌బాక్స్ ఉంది, అందులో వేయడానికి తమ పాట లేదు. ఆ ఖాళీలోకి బారు యజమానులు, రేడియో మెకానిక్కులు, ఫర్నిచర్ దుకాణందార్లు వచ్చారు. 1948లో ఆంపెక్స్ టేపు రికార్డరు అమ్మకానికి రావడంతో రికార్డింగు ఖర్చు కూడా దిగింది. తప్పు టేకును చెరిపి అదే టేపు మీద మళ్లీ పట్టొచ్చు, రెండు టేకుల్లో బాగున్న ముక్కలు కత్తిరించి అతకొచ్చు. స్టూడియో పెట్టడానికి ఇక బ్యాంకు నిండా డబ్బు ఉండనక్కర్లేదు, ఒక గదీ, ఒక యంత్రమూ, ఒక చెవీ చాలు.

ఆ చెవికి పేరుపడ్డవాడు శామ్ ఫిలిప్స్. 1950 జనవరిలో మెంఫిస్ నగరం యూనియన్ అవెన్యూ 706 నంబరులో స్టూడియో తెరిచి, బతుకుతెరువుకు పెళ్లిళ్లూ అంత్యక్రియలూ కూడా రికార్డు చేశాడు. 1951 మార్చిలో ఐక్ టర్నర్ బ్యాండు వచ్చినప్పుడు దారిలో గిటారు యాంప్లిఫైయరు దెబ్బతింది. స్పీకరు కోన్ చిరిగి గరగరమంటోంది. ఫిలిప్స్ చిరుగులో కాగితం కుక్కాడు, ఆ గరగరను దాచకుండా పాటలో ముందుకు తెచ్చాడు. ‘రాకెట్ 88’ అలా పుట్టింది. తర్వాత కొన్నేళ్లకు ఫిలిప్స్ సొంత కంపెనీ సన్ రికార్డుల గుర్తింపుగా మారిన ప్రతిధ్వని కూడా ఈ కోవదే. టేపు యంత్రంలో రికార్డు చేసే హెడ్డుకూ వినిపించే హెడ్డుకూ మధ్య కాస్త ఎడం ఉంటుంది. గాయకుడి గొంతును రెండో యంత్రం గుండా పంపి, ఆ ఎడం దాటేసరికి అయ్యే లిప్తపాటు జాప్యంతో మళ్లీ మొదటి గొంతుకు కలిపాడు. ప్రత్యేక గది కట్టే స్తోమత లేక కనిపెట్టిన ఉపాయం అది. ప్రేమతో చెప్పుకోవాల్సిన చరిత్రే. కానీ లెక్కలు కూడా చెప్పుకోవాలి. ‘రాకెట్ 88’ను షికాగోలోని చెస్ కంపెనీ విడుదల చేసింది, రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. బ్యాండులో ఒక్కొక్కరికీ ముట్టింది 20 డాలర్లని టర్నర్ తర్వాత చెప్పుకున్నాడు. 1955 నవంబరులో ఎల్విస్ ప్రెస్లీ కాంట్రాక్టును ఫిలిప్స్ 35,000 డాలర్లకు ఆర్‌సీఏకి అమ్మాడు. ఎల్విస్ తొలి సన్ రికార్డు ‘దట్స్ ఆల్ రైట్’ అసలు రాసి పాడిన ఆర్థర్ క్రూడప్ మాత్రం, న్యాయంగా రావాల్సిన రాయల్టీ చూడకుండానే 1974లో కన్నుమూశాడు.

చెస్ కంపెనీ కథలో రెండు అధికారాలూ ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. పోలండ్ నుంచి వచ్చి షికాగోలో క్లబ్బు నడిపిన లెనార్డ్, ఫిల్ చెస్ అన్నదమ్ములు 1950లో కంపెనీకి తమ పేరు పెట్టుకున్నారు. వారి మొదటి పెద్ద గాయకుడు మడ్డీ వాటర్స్. 1941లో మిసిసిపీలో స్టోవాల్ తోటలో పని చేస్తుండగా, కాంగ్రెస్ లైబ్రరీ తరఫున వచ్చిన అలన్ లొమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వర్క్ అతని గొంతును మొదటిసారి పట్టారు. ప్రతిఫలం 20 డాలర్లూ, రెండు ప్లేట్లూ. పదేళ్ల తర్వాత షికాగోలో ‘షీ మూవ్స్ మీ’ రికార్డు చేస్తుంటే డ్రమ్ము దెబ్బ తను కోరినట్టు పడటం లేదని లెనార్డ్ చెస్ స్వయంగా బాస్ డ్రమ్ము ముందు కూర్చుని కొట్టాడు. వింటే ఆ దెబ్బ మొరటుగానే ఉంటుంది, కానీ పాటకు అతికింది. యజమానికి సంగీతం తెలియదనీ, కేవలం వ్యాపారి అనీ తీసిపారేయడానికి ఈ ఒక్క సంఘటన అడ్డొస్తుంది. అయితే గాయకుడి పాటలో తాళం ఎలా ఉండాలో తేల్చి, కర్ర తీసుకుని తనే కూర్చునేంత అధికారం ఎవరికి ఉందో కూడా ఇదే చెబుతుంది. పాటల ప్రచురణ హక్కులు చెస్ అన్నదమ్ములకు వాటా ఉన్న ఆర్క్ మ్యూజిక్ చేతిలో ఉండేవి. గాయకులకు కార్లూ చేబదుళ్లూ ఇచ్చి ఆ పద్దులన్నీ రాయల్టీల్లో తగ్గించుకునే అలవాటు గురించి ఆ తరం కళాకారులు ఎందరో చెప్పారు. మిసిసిపీలో పాలికాపు పంట చేతికి రాకముందే విత్తనాలకూ తిండికీ షావుకారు పద్దులో అప్పు ఎక్కేది. ఊరు మారింది, పద్దు పుస్తకం మారలేదు. 1970ల మధ్యలో మడ్డీ వాటర్స్, చెస్‌కు పాటలు రాసిన విల్లీ డిక్సన్ ఆర్క్ మీద కోర్టుకెక్కి, రాజీ కుదుర్చుకుని తమ పాటల హక్కులు రాబట్టుకోవలసి వచ్చింది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. చిన్న కంపెనీలే లేకపోతే ఈ గొంతులు అసలు మనదాకా వచ్చేవి కావు కదా. పెద్ద కంపెనీలు తలుపు మూసుకుంటే సొంత డబ్బు పెట్టి, కారు డిక్కీలో ప్లేట్లు వేసుకుని ఊరూరా తిరిగి రేడియో స్టేషన్లలో బతిమాలి పాట వేయించుకున్నది వీళ్లే. పది రికార్డులు మునిగితే ఒకటి తేలే వ్యాపారంలో ఆ ఒక్కదాని లాభం ఉంచుకోకపోతే మిగిలిన తొమ్మిదికి డబ్బెక్కడిది? ఈ వాదనలో న్యాయం ఉంది. నష్టభయం మోసినవాడికి లాభంలో పెద్ద వాటా రావడం ఏ వ్యాపారంలోనైనా రివాజే. కానీ నష్టభయానికి ఒక గడువు ఉంటుంది. పెట్టుబడి తిరిగొచ్చిన నాడు అది తీరుతుంది. హక్కుకు ఆ గడువు లేదు, తరాల తరబడి రాబడి ఇస్తూనే ఉంటుంది. రెండేళ్ల సాహసానికి ప్రతిఫలంగా యాభై ఏళ్ల ఆస్తిని రాయించుకోవడం వ్యాపార ధర్మం అనిపించుకోదు. పైగా వేరే దారి లేదన్న మాటను క్రిస్ స్ట్రాక్‌విట్జ్ బతికిన తీరే కాదంటుంది. 1960లో ఆర్హూలీ కంపెనీ పెట్టిన ఈ స్కూలు మాస్టారు టెక్సాస్‌లో మాన్స్ లిప్స్‌కమ్ అనే కౌలురైతు పాటలతో మొదలుపెట్టాడు. అతనిదీ చిన్న కంపెనీయే, నష్టభయం అతనికీ ఉంది. 1971లో రోలింగ్ స్టోన్స్ తమ ఆల్బమ్‌లో మిసిసిపీ ఫ్రెడ్ మెక్‌డవెల్ పాట పాడినప్పుడు, స్ట్రాక్‌విట్జ్ రాయల్టీ కోసం పట్టుబట్టి రాబట్టి, మరుసటి ఏడాది మెక్‌డవెల్ చనిపోయేలోపే చెక్కు అతని చేతిలో పెట్టాడు. చిన్న కంపెనీ కావడం దోపిడీకి సాకు కానక్కర్లేదని దీన్నిబట్టి తేలుతుంది.

లాంగ్ ప్లే రికార్డు వచ్చాక మొదటి అధికారం మెల్లగా గాయకుడి వైపు జరిగింది. 1965 సెప్టెంబరులో షికాగోలో డెల్మార్క్ కంపెనీ యజమాని బాబ్ కెస్టర్, గాయకుడు జూనియర్ వెల్స్‌ను స్టూడియోకి పిలిచి, ఏం పాడాలో ఎవరితో పాడాలో అతనికే వదిలేశాడు. అప్పటిదాకా షికాగో బ్లూస్ ఆల్బమ్ అంటే చాలావరకు పాత సింగిల్స్ పోగేసి వేయడమే. రేడియోకు సరిపడా రెండున్నర నిమిషాల్లో ముగించే తొందర పోయింది. క్లబ్బులో పాటకూ పాటకూ మధ్య ఉండే వేగం, ఎడం, మాటామంతీ ఆల్బమ్‌లోకి వచ్చాయి. ఆ ఆల్బమ్ ‘హూడూ మ్యాన్ బ్లూస్’ రెండు రోజుల్లో పూర్తయింది. మధ్యలో గిటారిస్టు బడ్డీ గై యాంప్లిఫైయరు మొరాయిస్తే, ఇంజనీరు గిటారును స్టూడియోలోని హామండ్ ఆర్గన్ తాలూకు లెస్లీ స్పీకరుకు కలిపాడు. ఆ పెట్టెలో శబ్దం వెలువడే భాగం మోటారుతో తిరుగుతుంటుంది. అందుకే కొన్ని పాటల్లో గిటారు నీటిలోంచి వస్తున్నట్టు ఊగుతుంది. ఫిలిప్స్ కాగితం కుక్కినట్టే ఇదీ ఇబ్బందిలోంచి తీసిన శబ్దం. కానీ అదే ఆల్బమ్ అట్ట మీద బడ్డీ గై పేరు లేదు, ‘ఫ్రెండ్లీ చాప్’ అన్న మారుపేరు ఉంది. అతను చెస్ కాంట్రాక్టులో ఉన్నాడేమోనని కెస్టర్ అనుమానం. స్వేచ్ఛగా వాయించిన మనిషి సొంత పేరు పెట్టుకోలేని స్థితి. రెండు అధికారాలు ఎంత దూరదూరంగా ఉండగలవో ఒక్క అట్ట చెబుతోంది. ఆరేళ్లకు, డెల్మార్క్‌లో గుమాస్తాగా చేస్తున్న బ్రూస్ ఇగ్లావర్ వారసత్వంగా వచ్చిన 2,500 డాలర్లతో హౌండ్ డాగ్ టేలర్ బ్యాండును రెండు రాత్రుల్లో రికార్డు చేసి అలిగేటర్ కంపెనీ మొదలుపెట్టాడు. రెండు గిటార్లు, ఒక డ్రమ్ము, బాస్ లేదు. అందరూ ఒకే గదిలో, క్లబ్బులో వాయించినట్టే వాయించారు.

ఈ ఉదాహరణలు వింటే మరో అనుమానం రావచ్చు. ఇదంతా మొరటుతనాన్ని గొప్ప చేయడం కాదా? సరైన పరికరాలూ సమయమూ ఉంటే ఇవే పాటలు ఇంకా బాగుండేవేమో. నిజమే, చిరిగిన స్పీకరు దానంతటది గొప్పదేమీ కాదు. చిరిగిన స్పీకర్లతో వచ్చి మరుపున పడిపోయిన రికార్డులు కోకొల్లలు. ఈ అనుమానానికి జవాబు మడ్డీ వాటర్స్ ఆల్బమ్‌లు రెండింటిని పక్కపక్కన పెడితే దొరుకుతుంది. 1963 సెప్టెంబరులో రికార్డయిన ‘ఫోక్ సింగర్’లో ఎలక్ట్రిక్ గిటారు లేదు. మడ్డీ, బడ్డీ గై చేతుల్లో అకూస్టిక్ గిటార్లు, డిక్సన్ నిలువు బాస్, క్లిఫ్టన్ జేమ్స్ డ్రమ్ములు, అంతే. జానపద సంగీతానికి గిరాకీ ఉందని కంపెనీ వేసిన ఎత్తు అది. కానీ గదిలోకి వెళ్లాక నలుగురూ తమకు పుట్టుకతో వచ్చిన సంగీతం వాయించారు. రికార్డింగు ఎంత శుభ్రంగా ఉందంటే, ఖరీదైన స్పీకర్లు కొన్నవాళ్లు నేటికీ పరీక్షకు ఈ ఆల్బమ్ వేస్తారు. తీగ మీద వేలు జారడం, మడ్డీ ఊపిరి తీసుకోవడం, గొంతు మైకుకు దగ్గరై దూరమవడం, గోడకు తగిలి ఆరిపోయే ధ్వని, అన్నీ విడివిడిగా వినిపిస్తాయి. అయిదేళ్ల తర్వాత అదే కంపెనీ, అదే గాయకుడితో ‘ఎలక్ట్రిక్ మడ్’ చేసింది. సైకెడెలిక్ రాక్ వినే కుర్రకారు కోసం లెనార్డ్ కొడుకు మార్షల్ చెస్ వేసిన పథకం అది. వాద్యగాళ్లు దిట్టలు, ఖర్చుకు వెనకాడలేదు, అమ్మకాలూ బాగానే ఉన్నాయి. మడ్డీకి మాత్రం అది తన సంగీతం అనిపించలేదు, ఆ మాట దాచుకోనూ లేదు. శుభ్రతకూ మొరటుతనానికీ దీనితో సంబంధం లేదని ఇలా తేలుతుంది. గదిలో ఆఖరి మాట ఎవరిదన్నదే రెండు ఆల్బమ్‌ల మధ్య తేడా.

రెండో అధికారాన్ని మొదటినుంచీ తన దగ్గరే పెట్టుకున్న గిటారిస్టు జాన్ ఫేహీ. 1959లో మేరీలాండ్‌లో, ఇరవయ్యేళ్ల వయసులో, ఏ కంపెనీ తలుపూ తట్టకుండా తాకోమా అనే పేరు తానే పెట్టుకుని 100 కాపీలు అచ్చొత్తించాడు. మిసిసిపీ బ్లూస్ వేళ్ల కదలికను ఉక్కు తీగల గిటారు మీద, మాటల్లేని రచనలుగా మలిచిన ఆల్బమ్ అది. అమ్ముడుపోయింది తక్కువే. కానీ మాస్టరూ పేరూ తనవే కనుక, నచ్చని వాయింపును 1960ల్లో రెండుసార్లు తిరిగి రికార్డు చేసి అదే ఆల్బమ్‌ను మళ్లీ వేసుకున్నాడు. ఏ కంపెనీ కళాకారుడికీ అంత వీలు ఉండేది కాదు. ఇక్కడ ఒక తేడా కప్పిపుచ్చకూడదు. ఫేహీ తెల్లజాతి యువకుడు, చదువుకున్నవాడు, అచ్చుకు కావాల్సిన నాలుగు డబ్బులు కూడబెట్టుకోగలిగాడు. స్టోవాల్ తోటలో ట్రాక్టరు తోలిన మడ్డీకి 1941లో ఆ దారే లేదు. హక్కు తెలివితేటలతో మాత్రమే దక్కదు, దాన్ని నిలబెట్టుకునేదాకా ఆకలి తట్టుకునే శక్తి కూడా ఉండాలి. బ్లూస్ పుట్టించినవాళ్లకన్నా బ్లూస్ నేర్చుకున్నవాళ్లకు హక్కు ముందు దక్కడానికి కారణం అదే.

1979లో టీయాక్ కంపెనీ మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు పట్టే పోర్టాస్టూడియో తెచ్చాక, స్టూడియో ఇంట్లోకి వచ్చేసింది. 1982 జనవరిలో న్యూజెర్సీలో ఇంటి పడకగదిలో రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆ యంత్రమూ రెండు మైకులూ పెట్టుకుని, అకూస్టిక్ గిటారుతో, హార్మోనికాతో పాటలు పట్టాడు. అవి బ్యాండుకు నేర్పడానికి చేసుకున్న నమూనాలు మాత్రమే. తీరా పెద్ద స్టూడియోలో బ్యాండుతో వాయిస్తే పాటలు వాడిపోయాయి. జేబులో పెట్టె కూడా లేకుండా తిరిగిన ఆ క్యాసెట్టే చివరకు ‘నెబ్రాస్కా’ ఆల్బమ్ అయింది. ఇంట్లో పట్టిన ఆ శబ్దాన్ని ప్లేటు మీదికి ఎక్కించడానికి ఇంజనీర్లు తలలు బాదుకున్నారు. ఇంటి ఆల్బమ్‌లకు ఆదిగా దీన్ని చెప్పుకుంటారు. కానీ దాన్ని విడుదల చేసింది కొలంబియా. నమూనా క్యాసెట్‌ను ఆల్బమ్‌గా ఒప్పించుకోగలిగాడంటే అప్పటికే అతనికి ఉన్న పలుకుబడి అలాంటిది. చవక యంత్రం ఉంటేనే స్వతంత్రం కాదు, ఖరీదైన కంపెనీ ఉంటేనే పరతంత్రం కాదు. రెండు దశాబ్దాల తర్వాత వైట్ స్ట్రైప్స్ ద్వయం ఇంకో కొస చూపించింది. కంప్యూటర్లో ఎన్ని ట్రాకులైనా దొరికే రోజుల్లో, 2002లో లండన్‌లోని టో రాగ్ స్టూడియోకి వెళ్లి పాత ఎనిమిది ట్రాకుల టేపు మీద ‘ఎలిఫెంట్’ పట్టారు. ఆ ద్వయంలో ఒకడైన జాక్ వైట్ అప్పటికే థర్డ్ మ్యాన్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నాడు. 1936లో జాన్సన్ నెత్తిన పడిన ఇబ్బందిని ఇతను కావాలని ఎంచుకున్నాడు. ఎంచుకునే వీలుంటే ఇబ్బంది ఒక పద్ధతి, ఆ వీలు లేకపోతే అది వట్టి లేమి.

ఇప్పుడిక ఈ చర్చంతా పాతబడిందనే వాదన ఉంది. ల్యాప్‌టాప్ ఉంది, సౌండ్ కార్డు ఉంది, పాటను ఇంట్లో చేసుకుని సాయంత్రానికి ప్రపంచమంతా వినిపించవచ్చు, మాస్టరు కూడా తనదే, ఇంకేం కావాలి? సగం నిజం. రికార్డింగు ఖర్చు తగ్గింది, పాట వినిపించే ఖర్చు పెరిగింది. జూక్‌బాక్స్ ముందు నిలబడ్డ ద్వారపాలకుడు ఇప్పుడు స్ట్రీమింగ్ జాబితా ముందు నిలబడ్డాడు, ప్రచారానికి డబ్బు ఇచ్చేవాడు పాత షావుకారులాగే పద్దు రాసుకుంటాడు. రెండో చిక్కు సంగీతానిదే. ట్రాకులకు అంతు లేకపోతే ఏ టేకు ఖాయమో ఎన్నటికీ తేల్చనక్కర్లేదు. గొంతు సవరించవచ్చు, తాళం సరిచేయవచ్చు, నిర్ణయం రేపటికి వాయిదా వేయవచ్చు. అకూస్టిక్ గిటారు, గొంతు, హార్మోనికా మాత్రమే ఉన్న ఆల్బమ్‌లో ఈ వాయిదా వెంటనే చెవికి తగులుతుంది, ఎందుకంటే మరుగుపరచడానికి ఇంకో వాద్యం లేదు. స్టూడియోకి వెళ్లడం వల్ల ఇప్పటికీ ప్రయోజనం ఇదే: కొలిచి కట్టిన గది, తనది కాని ఇంకో చెవి, గంటకు ఇంత అని ముగిసే సమయం. ఆ మూడూ కలిసి ‘ఓకే’ చెప్పక తప్పని పరిస్థితి తెస్తాయి.

ఇది అమెరికా జాతి వివక్ష కథ, మనకేం సంబంధం అనుకోవడానికీ వీల్లేదు. సినిమా పాట మీద హక్కు నిర్మాతదేనని మన సుప్రీంకోర్టు 1977లో తీర్పు ఇచ్చింది. రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వాటాను విడదీయరాని హక్కుగా చేయడానికి 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. 2017లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా నోటీసు పంపినప్పుడు తెలుగునాట టీకొట్ల దగ్గర కూడా ‘పాట ఎవరిది’ అన్న చర్చ నడిచింది. ఇవాళ తెలంగాణ జానపదాలు చిన్న చిన్న స్టూడియోల్లో తయారై యూట్యూబ్‌లో కోట్ల మందికి చేరుతున్నాయి. వాటిలో ఛానల్ ఎవరి పేరు మీద ఉంటే రాబడి వాళ్లకే జమవుతుంది. పాడిన పిల్లకూ పాట కట్టినవాడికీ ఒక్కసారి ఇచ్చి పంపించేస్తే, 1936 నాటి హోటల్ గది లెక్కకూ దీనికీ తేడా ఏముంది? ఊరి పాట అని, కట్టినవాడెవరో తెలియదని చెప్పి దాటవేసే వీలు కూడా రెండు చోట్లా ఒకేలా ఉంది.

కాబట్టి స్వతంత్ర ఆల్బమ్‌ను విని తేల్చాల్సింది ఒకటి, కాగితం చదివి తేల్చాల్సింది ఒకటి. గదిలో ఆఖరి మాట ఎవరిదో వింటే తెలిసిపోతుంది: ‘ఫోక్ సింగర్’ విన్నవాడికి ‘ఎలక్ట్రిక్ మడ్’ ఎవరి కోరికో చెప్పనక్కర్లేదు. మాస్టరు ఎవరిదో మాత్రం ఎంత మంచి చెవికీ అందదు, ఒప్పందంలోనే ఉంటుంది. వందేళ్ల బ్లూస్ చరిత్రలో అభిమానులు మొదటిదాన్నే పట్టించుకున్నారు, రెండోదాన్ని కోర్టులకు వదిలేశారు. గాయకులు నష్టపోయింది ఆ రెండోదాని దగ్గరే. ఆల్బమ్ చేయబోయేవాళ్లు మైకు ఎంచుకోవడానికి వెచ్చించే శ్రద్ధలో సగమైనా ఒప్పందం మీద వెచ్చిస్తే, ఇంత చరిత్ర తెలుసుకున్నందుకు ఫలితం ఉంటుంది.